ముందు మనిషి, తర్వాత కాగితం

డాక్టరమ్మ దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ మొదటి రోజు వినపడే మాట ఒక్కటే: ముందు మనిషి, తర్వాత కాగితం.

ఆస్పత్రి రెండో అంతస్తులో మెదడు, నరాల జబ్బుల విభాగం. పొడుగాటి వసారాకి ఒక చివర రోగుల ఫైళ్లుండే బల్ల, రెండో చివర ఆమె గది. రోగి ఆ వసారా పొడవునా నడిచి రావాలి. ఆమె, ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లు తలుపు దగ్గర నిలబడి చూడాలి. ఏ చెయ్యి ఊగుతోంది, ఏ చెయ్యి ఊగడం లేదు, మలుపు తిరగడానికి ఎన్ని అడుగులు పట్టాయి, కూర్చోబోయే ముందు కుర్చీని తడుముకున్నాడా. ఇవన్నీ చూశాకే ఫైలు తెరవాలి. ముందే తెరిచినవాళ్లకి ఆ పూట గదిలో చోటు లేదు.

ఎందుకంత పట్టుదల అని అడిగితే బావమరిది కథ చెప్పేది. కొత్తగా చేరిన డాక్టరొకాయన ఫైలు క్షుణ్ణంగా చదువుకుని వార్డులోకి వెళ్లాడు. మంచం మీదున్న మనిషిని పది నిమిషాలు పరీక్షించి, కాగితంలో ఉన్న లక్షణాలన్నీ వరసగా చూపించాడు. కుడికాలు ఈడుస్తున్నాడు, మాట ముద్దగా వస్తోంది, మూతి ఒక పక్కకి లాగింది. అంతలో స్నానాల గదిలోంచి అసలు రోగి తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు. మంచం మీదున్నది ఆయన బావమరిది. "పాపం, ఆ బావమరిది వారం రోజులు కుంటుకుంటూ తిరిగాడు" అని ముగించేది. వినేవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. అక్క, అక్క కొడుకు, అదే ఆమె ఇల్లు. అక్క భర్త చిన్న వయసులోనే పోతే అక్కచెల్లెళ్లిద్దరూ ఒక్క చోట చేరి ఆ ఒక్కగానొక్కణ్ణి పెంచారు. కన్నది అక్క. వాడికి ఉబ్బసం ఎగదన్నిన ప్రతిసారీ ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని వీపు నిమిరింది పిన్ని. పెద్దయ్యాక ఆ ఉబ్బసం చాలావరకు తగ్గింది, చలికాలం తప్పిస్తే. ఆరడుగులు ఎదిగినా ఇంట్లో వాడి పేరు బక్కోడే. సరిహద్దు దళంలో వైర్‌లెస్ సెట్లు బాగుచేసే ఉద్యోగంలో చేరాడు.

సరిహద్దంటే ఒక నది. ఒడ్డులు రెండు, ప్రభుత్వాలు రెండు, భాష మాత్రం ఒకటే. దట్టంగా మంచు పట్టిన ఒక ఉదయం మూడు గస్తీ పడవలు అవతలి ఒడ్డుకి చేరాయి. దారి తప్పారంది ఇవతలి ప్రభుత్వం. దాడికొచ్చారంది అవతలి ప్రభుత్వం. నలభై ఒక్కమంది బందీలయ్యారు. అందులో బక్కోడొకడు.

ఎనిమిది నెలల్లో ఒక్క కార్డు వచ్చింది. "పిన్నీ, బాగానే ఉన్నాం. అమ్మ మధ్యాహ్నం వేసుకోవాల్సిన మోకాళ్ల మాత్ర మర్చిపోతుంది, నువ్వు చూసుకో. చలి రాకముందే పంపించేస్తారని అంటున్నారు." అక్క ఆ కార్డుని నిలువుటద్దం చట్రంలో దోపింది. తల దువ్వుకునేటప్పుడల్లా ఆఖరి వాక్యం దగ్గర ఆమె దువ్వెన ఆగేది. చలి రావడానికి ఇంకా రెండు నెలలుంది అనేది. తర్వాత నెలన్నర అనేది.

ఆ ఏడాది విదేశాంగ శాఖలో కొత్త పద్ధతొకటి మొదలైంది. దేశంతో దేశం మాట్లాడేటప్పుడు రాయబారులొక్కరే చాలరని, మనిషి భయం ఎక్కడ పుడుతుందో, పగ ఎన్ని తరాలు నిలుస్తుందో చదువుకున్నవాళ్లు కూడా పక్కనుండాలని పెద్దలెవరికో తోచింది. మూడో అంతస్తులో, పాత పటాలు చుట్టిపెట్టిన ఒక గది ఖాళీ చేయించి ముగ్గుర్ని కూర్చోబెట్టారు. మెదడు డాక్టరమ్మ, చరిత్ర చెప్పి రిటైరైన ఒక మాస్టారు, ఇద్దరు ప్రత్యర్థుల్లో ఎవరు ఎప్పుడు దిగొస్తారో సూత్రాలు కట్టే లెక్కల ప్రొఫెసరు. ఆఫీసు గుమాస్తాలు ఆ గదికి కలగూరగంప అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి మాస్టారు సంతోషించారు. గంపలో ముదిరిన బెండకాయ తానేనని, కోయడం కష్టం, పారేయడానికి మనసొప్పదని అన్నారు.

చేర్చుకునే ముందు శాఖ కార్యదర్శి ఆమెని సూటిగానే అడిగాడు, అక్క కొడుకు అక్కడుండగా నిష్పక్షపాతంగా చెప్పగలరా అని. ముప్ఫై ఏళ్లుగా ఏడుస్తున్న వాళ్ల మధ్య కూర్చుని జబ్బు పేరు చెబుతున్నానంది ఆమె. ఆ మాట నమ్మే అంది.

మొదటి సమావేశంలో తాను చేసిన పరిశోధన వివరించింది. స్కానింగ్ యంత్రంలో మనిషిని పడుకోబెట్టి తెర మీద ఒక చేతిని చూపిస్తారు. ఆ చేతికి సూది గుచ్చుకుంటుంది. చూస్తున్నవాడి మెదడులో, తనకే గుచ్చుకున్నట్టు, ఒకచోట రక్తం పారడం పెరుగుతుంది. అదే చేతి కింద 'అవతలి ఒడ్డు మనిషి' అని రాసి చూపిస్తే ఆ పారడం తగ్గిపోతుంది. చెయ్యి అదే, సూదీ అదే.

"అంటే మన బాధ వాళ్లకి పట్టదని లెక్కలో వేసేసుకోవచ్చన్నమాట" అన్నాడు ప్రొఫెసరు.

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగారు. "ఆ యంత్రంలో పడుకున్నదెవరమ్మా, వాళ్లా, మనమా?"

"మనవాళ్లే మాస్టారూ."

"అదే అడుగుతున్నా."

గదిలో నవ్వులు లేచాయి. మంచి మాటేనని ఆమె కూడా ఒప్పుకుని పుస్తకంలో రాసుకుంది, కింద గీత గీసింది.

చర్చలు ఎవరికీ చెందని మూడో దేశంలో జరుగుతున్నాయి. మూడో సమావేశం టేపు చూసి, అవతలి పక్షం పెద్ద ఎలాంటివాడో ఆమె చెప్పాలి. టేపు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఈలోగా ఆయన గురించి నిఘావాళ్లు తయారుచేసిన ఫైలు ఇచ్చారు. ఆ రెండు రోజుల్లో ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. ఒకప్పటి లాయరు. కోపం రాదు, నవ్వు రాదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఎదుటివాళ్లని విసిగిస్తాడు. ఫైలు అట్ట మీద ఆయన అసలు పేరు చిన్నగా, మనవాళ్లు పెట్టిన పేరు పెద్దగా ఉన్నాయి: రాతిముఖం.

తన వసారాలో ఎవరైనా ఆ పని చేసుంటే బయట నిలబెట్టి ఉండేది. కానీ అది వసారా కాదు, అక్కడికి రాబోయేవాడు రోగీ కాదు. ఆ పోలికే ఆమెకి తట్టలేదు.

టేపులో ఇవతలి నాయకుడు ఒక తల్లి రాసిన ఉత్తరం చదివాడు. అది అక్క ఉత్తరం. ఏ తల్లి రాసినా ఫరవాలేదని శాఖవాళ్లంటే అక్కే రాస్తానంది, ఒక్క పేజీ. "మావాడికి చలి పడదు. మెడకి ఏదన్నా చుట్టుకోమని చెప్పండి. చెబితే వినడు, రెండుసార్లు చెప్పాలి. మీ ఇంట్లో పిల్లలుంటే మీకు తెలిసే ఉంటుంది."

అవతలి పెద్ద ముఖంలో ఏమీ కదల్లేదు. ఆ నిమిషంలో ఆయన కనురెప్పలు మూడే మూడుసార్లు పడ్డాయి. ఆమె లెక్కపెట్టింది. ఉత్తరం అయిపోయాక చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఎత్తూ పల్లం లేని సన్నటి గొంతుతో "విన్నాను" అన్నాడు. చెయ్యి చాచి ఉత్తరం అడిగి తీసుకున్నాడు. తీరిగ్గా మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

రేపు వాదనకి పనికొస్తుందని దాచుకుంటున్నాడన్నాడు ప్రొఫెసరు. కార్యదర్శికి కావలసింది ఒక్కటే: మెత్తటి మాటకి కరిగే మనిషా, కాదా?

ఆ నిమిషాన్ని ఆమె ఆరుసార్లు వేయించుకుని చూసింది. ప్రతిసారీ అక్క మాటలు వినపడ్డాయి, ప్రతిసారీ ఆ ముఖం అలాగే ఉంది. ఆరోసారికి ఆమె పెన్ను చేతిలోకి తీసుకుంది.

మాస్టారు వెనకనుంచి మెల్లగా అన్నారు. "ఒక్కసారి ఆ దేశం పేరు తీసేసి చూద్దామా, తల్లీ?"

"మాస్టారూ, ఆ ఉత్తరం రాసింది మా అక్క."

ఆమె నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది.

నాలుగో సమావేశానికి ఇవతలి బృందం గట్టిగా మాట్లాడాలన్న నిర్ణయంతో వెళ్లింది. అరగంటలో తమ మాటకి జవాబు రాలేదని లేచి వచ్చేసింది. నది మీద వంతెన మూసేశారు. మందుల లారీలు కూడా ఆగిపోయాయి. రెండు వారాల్లో దిగొస్తారని ప్రొఫెసరు సూత్రం కట్టాడు. రెండు వారాలు గడిచాయి, మూడోది గడిచింది. నాలుగో వారం అక్క ఉన్ని బట్టలు తీసి ఎండలో వేసింది, అందులో బక్కోడివీ ఉన్నాయి. వాటిని మళ్లీ పెట్టెలో పెట్టలేదు. కుర్చీ మీద ఉంచింది.

ఆరో వారంలో ఒకరోజు పదకొండు గంటలకి కార్యదర్శి తనంతట తాను ఆస్పత్రికొచ్చాడు. డాక్టరమ్మ ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆయన వసారా పొడవునా నడిచి వస్తుంటే చూసింది. రెండు చేతులూ ఊగడం లేదు. సగం దూరంలో అడుగు తడబడింది. కుర్చీల వరస దగ్గర అవసరం లేకుండా ఆగాడు. ఆయన చేతిలో ఒక కాగితముంది. ఆ రోజు ఆమెకి కాగితంతో పని పడలేదు.

ముగ్గురు పోయారు, ఊపిరితిత్తులకి నిమ్ము చేరి. మూడోవాడు బక్కోడు.

ఇంటికెళ్లి చెబితే అక్క అరవలేదు, పడిపోలేదు. కుర్చీ మీది ఉన్ని బట్టలు తీసి, అక్కడ కూర్చుని, వాటిని ఒళ్లో పెట్టుకుంది. సాయంత్రం దాకా అంతే. అద్దంలో కార్డు అలాగే ఉంది.

నాలుగు రోజుల తర్వాత మాస్టారు ఇంటికొచ్చారు. అక్క లోపలికెళ్లాక సంచిలోంచి ఒక కాగితం ప్రతి తీశారు. అవతలి పెద్ద స్వయంగా రాసి పంపిన ఉత్తరం. ఏ షరతూ లేకుండా ముప్ఫై ఎనిమిది మందినీ, ముగ్గురి దేహాలనీ వంతెన దగ్గర అప్పగిస్తాం, వచ్చి తీసుకెళ్లండని ఉంది. ఆ కిందే ఇంకో మాట: "నాలుగో సమావేశానికి జబ్బుపడినవాళ్ల పట్టిక నా జేబులో పెట్టుకుని వచ్చాను, ముందు వాళ్లని పంపుదామని. నాకు మాట మొదలుపెట్టడానికి కొంత సమయం పడుతుంది. మొదలుపెట్టేలోగా మీవాళ్లు లేచారు."

తర్వాత నలభై ఒక్క పేర్లు.

"అక్షరాలు చూడమ్మా" అన్నారు మాస్టారు. "పోను పోను చీమల్లా అయిపోయాయి. మనవాళ్ల పేర్లంటే ఎంత చులకనో చూడండని ఆఫీసులో తిట్టుకుంటున్నారు. నాకెందుకో అట్లా అనిపించలేదు. అందుకే తెచ్చాను."

ఆమె చూసింది. మొదటి పేరు బొటనవేలి గోరంత అక్షరాలతో మొదలైంది. ప్రతి వరసా మొదట్లో పెద్దగా ఉండి చివరికి కుంచించుకుపోయింది. పేజీ అడుగున పోయిన ముగ్గురి పేర్లు. బక్కోడి అసలు పేరు చదవడానికి కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాల్సి వచ్చింది. అలాంటి రాత ఆమె కొన్ని వందలసార్లు చూసింది. మీ పేరు పదిసార్లు రాయండి అని తనే రోగులకి కాగితం ఇచ్చేది.

చెప్పులేసుకుని మాస్టారితోపాటు ఆఫీసుకి బయల్దేరింది. టేపు పెట్టించింది. గొంతు వినపడకుండా చేయించింది. తెర అడుగున దేశం పేరు, మనిషి పేరు కనిపించే చోట తెల్ల కాగితం ముక్క అంటించింది. ఇప్పుడు అక్కడున్నది వసారాలో నడిచొచ్చిన ఒక ముసలాయన, అంతే.

నిమిషం కూడా పట్టలేదు. పక్కకి తిరగాలంటే తలతోపాటు ఒళ్లంతా తిరుగుతోంది. ఎడమచెయ్యి ఫైలు కింద దాచుకున్నాడు. ఫైలు అంచు అదురుతోంది. ఉత్తరం మడవడానికి పదకొండు సెకన్లు పట్టింది. అది తీరిక కాదు, వేళ్లు మాట వినడం లేదు. నిమిషానికి పదిహేనుకి తక్కువ కాకుండా పడాల్సిన చోట మూడు రెప్పపాట్లు. అవి ఆమె అప్పుడే లెక్కపెట్టింది, పైగా కాగితం మీద వేసుకుంది.

"పార్కిన్సన్స్ జబ్బు మాస్టారూ. ముఖం కండరాలు బిగుసుకుపోతాయి, రాత కుంచించుకుపోతుంది, మాట ఆలస్యంగా వస్తుంది. లోపల ఎంత ఏడుస్తున్నా బయటికి రాదు. మా దగ్గర మొదటి నెలలో చేరినవాళ్లు కూడా చెప్పేస్తారు."

మాస్టారు కాగితం ముక్క అంటించిన చోటు వైపు చూస్తూ ఉండిపోయారు.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే" అంది ఆమె. "మధ్యలో మా వాణ్ణి కూడా ముంచాను."

"నువ్వొక్కదానివే రాయలేదమ్మా. మేం ఇద్దరం కూడా ఆ గదిలోనే ఉన్నాం."

"మీరు అడిగారు మాస్టారూ."

ఆ రోజే రెండో నివేదిక రాసింది. మొదటిది ఎందుకు తప్పో, ఆ తప్పు ఏ వరసలో జరిగిందో, ఏ కాగితం ముందు చదివిందో, ఏ ముఖం తర్వాత చూసిందో అంతా రాసింది. కార్యదర్శి చదివి, ఇప్పుడిది ఎవరికి ఉపయోగమని అడిగాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. రేపు ఈ గదిలోకొచ్చే డాక్టరుకి ఉపయోగమంది ఆమె. టేపులు ముందివ్వండి, ఫైళ్లు తర్వాతివ్వండి అని నివేదిక ఆఖర్న ఒక వాక్యముంది. ఆయన ఆ వాక్యానికి గుర్తు పెట్టి, నివేదికని పక్కకి పెట్టాడు.

అక్కకి మాత్రం చెప్పలేదు. వంతెన రోజు అయిపోనీ అనుకుంది.

ఆ రోజు మంచు త్వరగానే విడిపోయింది. ముప్ఫై ఎనిమిది మంది ఒకరి వెనక ఒకరు నడిచి వచ్చారు. కళ్లు కాయలు కాచేలా చూసినవాళ్లు వాళ్ల వాళ్లని పట్టుకున్నారు. తర్వాత మూడు పెట్టెలొచ్చాయి. వాటి పక్కన చిన్న చిన్న అడుగులేస్తూ, కొద్దిగా ముందుకి వంగి, ఆ ముసలాయన వచ్చాడు.

మూడు కుటుంబాల దగ్గరా ఆగాడు. అక్క దగ్గరికొచ్చేసరికి కోటు లోపలికి చెయ్యి పోనిచ్చాడు. చాలాసేపు పట్టింది. అక్క ఓపిగ్గా నిలబడింది. మడతలు నలిగిన ఉత్తరం తీసి ఇచ్చాడు.

"చెప్పించానమ్మా" అన్నాడు, అదే సన్నటి గొంతుతో. "రెండుసార్లు చెప్పించాను."

ముఖం రాయిలాగే ఉంది. అక్క ఆ ముఖంకేసి చూసింది. ఉత్తరం తీసుకుని, ఆయన చెయ్యి వదలకుండా కాసేపు రెండు చేతుల మధ్య పట్టుకుంది, అదురు ఆగేదాకా.

"మీకు ఒంట్లో బాగాలేదు" అంది. "చలిలో నిలబడకండి, లోపలికెళ్లండి."

పక్కనే ఉన్న డాక్టరమ్మ తల వంచుకుంది.

తిరుగు ప్రయాణంలో పెట్టె ఉన్న వ్యాను ముందు పోతోంది, వెనక కారులో అక్కచెల్లెళ్లు. వ్యాను వెనక తలుపుల మీద నుంచి అక్క చూపు మరల్చలేదు.

"ఆయనకేం జబ్బే?" అంది కొంతసేపటికి.

డాక్టరమ్మ చెప్పింది. ముఖం ఎందుకలా ఉంటుందో కూడా చెప్పింది.

"చూడగానే అనుకున్నాను, పాపం" అంది అక్క. తర్వాత ఇటు తిరగకుండానే, "నువ్వు ఆయన్ని టేపులో చూశానన్నావు కదా?"

"చూశానక్కా. నీ ఉత్తరం చదువుతున్నప్పుడే చూశాను."

"మరి?"

"జబ్బని తెలీలేదు. పొగరనుకున్నాను. వాళ్లడిగితే అదే రాసిచ్చాను. దాన్ని పట్టుకునే మనవాళ్లు మాటలు ఆపేశారు. ఆయన జబ్బువాళ్లని ముందు పంపుదామని వచ్చాట్ట ఆ రోజు."

కారు ఒక చిన్న కల్వర్టు దాటింది. వ్యాను కుదుపుకి అక్క చెయ్యి ముందుకి లేచింది, పట్టుకోబోయినట్టు. మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"ఏం రాశావు? చెప్పు."

కాగితం అక్కర్లేదు, కంఠతా వచ్చు. "ఎదుటివారి బాధకి ఈయనలో స్పందన కనిపించలేదు. తల్లి ఉత్తరం విన్నా చలించలేదు. మెత్తటి మాటవల్ల ఉపయోగం ఉండదు. ఒత్తిడి పెడితేనే కదులుతారు." ఆగి, "కింద నా సంతకం" అంది.

అక్క ముఖంలో ఏమీ కదల్లేదు. రెప్ప కూడా పడలేదు. ముప్ఫై ఏళ్లుగా ముఖాలు చదివిన మనిషికి అందులో ఒక్క అక్షరం అందలేదు.

"విన్నాను" అంది అక్క.

మధ్యాహ్నమైంది. డాక్టరమ్మ సంచిలోంచి మోకాళ్ల మాత్ర, నీళ్ల సీసా తీసి ఇద్దరికీ మధ్యనున్న ఖాళీలో పెట్టింది. అక్క వాటివైపు చూడలేదు. నది కనపడనంత దూరం వచ్చాక మాత్ర తీసుకుని వేసుకుంది. సీసా మూత తనే బిగించి, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది.